పెద్ద గోలీని పంపేశాక: కాల్గరీ ఫ్లేమ్స్ 2024–25 మీద ఒక గోలీ కోచ్ కేస్ స్టడీ

గోల్ పడగానే ఆ పిల్లాడు నెట్‌లో ఉన్న పక్ వైపు చూసేవాడు కాదు, మా బెంచి వైపు చూసేవాడు. పదమూడేళ్ళవాడు. మాస్క్ కడ్డీల వెనక కళ్ళు కనిపించనంత దూరంలో ఉన్నా, ఆ తల తిరగడం మాత్రం నాకు ప్రతిసారీ కనిపించేది. బెంచి చివర రెండో గోలీ (ఐస్ హాకీలో గోల్‌కీపర్‌ని అలాగే అంటారు) కూర్చుని ఉండేవాడు. వీడికంటే ఏడాది పెద్ద, ఆటలో అనుభవం కూడా ఎక్కువ. "ఇప్పుడు నన్ను తీసేసి వాణ్ణి దింపుతారా?" అని అడుగుతున్నట్టు ఉండేది ఆ చూపు. ఆ సీజన్‌లో నేను మూడుసార్లు అలాగే తీసేశాను.

నేను సికింద్రాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఫీల్డ్ హాకీ గోల్‌కీపర్‌ని. ఉద్యోగం మీద కెనడాలోని కాల్గరీ వచ్చాక ఐస్ మీద నిలబడటం ముప్పై దాటాక నేర్చుకున్నాను. పగలు ఆఫీసు, సాయంత్రాలు పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల జట్టుకి గోలీ కోచింగ్. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆడే మా ఊరి జట్టు కాల్గరీ ఫ్లేమ్స్ 2024లో తీసుకున్న నిర్ణయం గురించి. ముప్పై నాలుగేళ్ళ మొదటి గోలీని ఇంకో జట్టుకి ఇచ్చేసి, ఇరవై మూడేళ్ళ కుర్రాడికి గోల్ అప్పగించారు. ఆ సీజన్‌ని నేను నోట్సు రాసుకుంటూ చూశాను, ఎందుకంటే అదే సమస్య చిన్న రూపంలో నా చేతిలోనూ ఉంది.

ఐస్ హాకీ చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. గోల్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. దాంట్లోకి వచ్చేది పక్, అంటే దాదాపు 170 గ్రాముల రబ్బరు బిళ్ళ, గట్టిగా కొడితే గంటకి 150 కిలోమీటర్లు దాటుతుంది. క్రికెట్‌లో ఒక బౌలర్‌కి దెబ్బలు పడుతుంటే కెప్టెన్ బంతి ఇంకొకరికి ఇచ్చి, ఇతన్ని పది ఓవర్ల తర్వాత మళ్ళీ పిలుస్తాడు. ఎవరికీ పరువు పోదు. గోలీని మ్యాచ్ మధ్యలో మారిస్తే అతను స్టేడియం అంతా చూస్తుండగా నడిచి వచ్చి బెంచి మీద కూర్చుంటాడు. ఆ రాత్రికి మళ్ళీ పిలుపు రావడం చాలా అరుదు. జట్టులో ఇద్దరు గోలీలు ఉంటారు, ఆడేది ఒక్కడే. అందుకే ఏ జట్టులోనైనా గోలీని మార్చడం మామూలు ఆటగాణ్ణి మార్చడం లాంటిది కాదు.

ట్రేడ్ అంటే ఐపీఎల్ చూసేవాళ్ళకి తెలిసిందే. ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకి ఇచ్చి, బదులుగా ఆటగాళ్ళని గానీ వచ్చే డ్రాఫ్ట్‌లో కుర్రాళ్ళని ఎంచుకునే హక్కుని గానీ తీసుకుంటుంది.

ఒకే మనిషి, మూడు మార్పుల కథ

పంపేసిన ఆ పెద్ద గోలీ పేరు జేకబ్ మార్క్‌స్ట్రోమ్, స్వీడన్ మనిషి. ఆరడుగుల ఆరంగుళాలు. ఈ కేసు అర్థం కావాలంటే ఇతని వెనకటి పదేళ్ళు చూడాలి. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

2013–14లో వాంకూవర్ కానక్స్ గోల్ విషయంలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. రొబర్టో లువాంగో అక్కడ పెద్ద దిక్కు. అతని వెనక కోరీ ష్నైడర్ ఎదిగి వచ్చాడు. లువాంగోని పంపుతారని ఊరంతా అనుకుంటుంటే, 2013 డ్రాఫ్ట్ రోజున కుర్రవాడైన ష్నైడర్‌నే న్యూజెర్సీకి ఇచ్చేశారు. మిగిలిన లువాంగోకి ఆ గాయం మానలేదు. 2014 మార్చిలో వాంకూవర్‌లోని పెద్ద స్టేడియంలో అట్టవా జట్టుతో ప్రత్యేక మ్యాచ్ పెట్టినప్పుడు, కోచ్ అతన్ని పక్కన పెట్టి ఎడ్డీ లాక్‌ని దింపాడు. రెండు రోజుల్లో లువాంగో ఫ్లోరిడాకి వెళ్ళిపోయాడు. బదులుగా వాంకూవర్‌కి వచ్చినవాళ్ళలో ఒకడు ఇరవై నాలుగేళ్ళ జేకబ్ మార్క్‌స్ట్రోమ్.

మరి ఆ కుర్రాణ్ణి నమ్మారా? లేదు. ఆ వేసవిలోనే రయన్ మిల్లర్ అనే ముప్పై మూడేళ్ళ గోలీని తెచ్చి పైన పెట్టారు. అక్టోబర్‌లో మార్క్‌స్ట్రోమ్‌ని వేవర్స్‌లో పెట్టారు, అంటే మిగతా జట్లలో ఎవరికి కావాలన్నా ఊరికే తీసుకోవచ్చు. ఒక్క జట్టు కూడా తీసుకోలేదు. అతను కింది లీగ్‌లో యూటికా వెళ్ళి ఆడాడు. మిల్లర్ వెళ్ళిపోయాక, 2017–18లో గానీ మొదటి గోలీ కాలేదు. అప్పటికి అతనికి ఇరవై ఏడు నిండాయి.

రెండో ఘట్టం 2020. కోవిడ్ వల్ల ప్లేఆఫ్‌లు ఖాళీ స్టేడియంలో ఆడారు. మార్క్‌స్ట్రోమ్ గాయపడితే వెగాస్ మీద చివరి మూడు మ్యాచ్‌లకి ఇరవై నాలుగేళ్ళ థాచర్ డెమ్కో దిగాడు. ఆరో మ్యాచ్‌లో 48 షాట్లు ఆపి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సిరీస్ ఏడో మ్యాచ్‌లో పోయింది గానీ డెమ్కో అందరి కళ్ళలో పడ్డాడు. ఆ అక్టోబర్‌లో మార్క్‌స్ట్రోమ్ ఆరేళ్ళ ఒప్పందం మీద కాల్గరీకి వచ్చేశాడు. వాంకూవర్ మాత్రం డెమ్కోని ఒంటరిగా వదల్లేదు. లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచిన బ్రేడెన్ హోల్ట్‌బీని రెండేళ్ళకి తెచ్చి పక్కన పెట్టింది. ఏడాది తిరక్కుండానే డబ్బు కట్టి ఆ ఒప్పందం తెంచుకుంది.

మూడోది 2024. ఈసారి మార్క్‌స్ట్రోమే పెద్ద గోలీ. కుర్రవాడు డస్టిన్ వుల్ఫ్.

మూడు సార్లూ పెద్ద గోలీ వెళ్ళాడు, కుర్రవాడు మిగిలాడు. తేడా ఎక్కడంటే, ఆ కుర్రవాడి తల మీద ఇంకో గొడుగు పట్టారా లేదా అన్నదగ్గర. 2014లో పట్టారు, 2020లో పట్టారు. 2024లో కాల్గరీ పట్టలేదు. నేను ఈ కేసు రాయడానికి కారణం ఆ ఒక్క తేడాయే.

గొడుగు పట్టడం తప్పని నేను అనను. డెమ్కో హోల్ట్‌బీ పక్కన ఉండి కూడా బాగానే ఎదిగాడు. 2023–24లో లీగ్ ఉత్తమ గోలీ అవార్డుకి రెండో స్థానంలో నిలిచాడు. కానీ అందుకోసం వాంకూవర్ రెండుసార్లు కట్టిన ధర చూడండి. మొదటిసారి మూడేళ్ళు. రెండోసారి డబ్బు.

వుల్ఫ్‌ని ఎప్పుడు తయారు చేశారు?

డస్టిన్ వుల్ఫ్ కాలిఫోర్నియాలోని గిల్‌రాయ్ అనే ఊళ్ళో పుట్టాడు. 2019 డ్రాఫ్ట్‌లో మొత్తం 217 మందిని ఎంచుకుంటే ఇతను 214వ వాడు. కారణం ఎత్తు. ఆరడుగులు. మన లెక్కలో పొడగరే గానీ ఎన్‌హెచ్ఎల్ గోలీల్లో పొట్టివాడు.

ఇక్కడ కాస్త ఆగి ఎత్తు సంగతి చెప్పాలి, నేను చేసే కోచింగ్ ఇదే కాబట్టి. ఇప్పటి గోలీలందరూ మోకాళ్ళ మీద పడి కాళ్ళు రెండు పక్కలా చాపి ఆపుతారు. అలా పడ్డప్పుడు మార్క్‌స్ట్రోమ్ లాంటివాడి భుజాలు ఇంకా గోల్ పై కడ్డీకి దగ్గర్లోనే ఉంటాయి. ఆరడుగులవాడు పడితే రెండు భుజాల పైనా పక్ పట్టేంత సందు మిగులుతుంది, ఆ సందు ఎక్కడుందో ఈ లీగ్‌లో కొట్టేవాళ్ళందరికీ తెలుసు. అందుకని చిన్న గోలీ మూడు పనులు బాగా చేయాలి. గోల్ గీత మీద ఉండిపోకుండా ముందుకొచ్చి కోణం మూయాలి. అందరికంటే ఒక క్షణం ఎక్కువసేపు కాళ్ళ మీద నిలబడాలి. షాట్ రాకముందే అది ఎవరి కర్ర మీద నుంచి వస్తుందో చదవాలి. వుల్ఫ్ మూడో పనిలో అసాధారణుడు. టీవీలో అతని మ్యాచ్ చూస్తే పాస్ వెళ్తుండగానే అతని స్కేట్లు తిరిగిపోయి ఉంటాయి. నేను మా పిల్లలకి ఆ వీడియోలు శబ్దం తీసేసి చూపిస్తాను. "పక్ చూడొద్దు, అతని పాదాలు మాత్రమే చూడండి" అంటాను.

ఇలాంటి చదవడం ప్రాక్టీసులో రాదు, మ్యాచ్‌ల్లోనే వస్తుంది. కాల్గరీ ఇతనికి మ్యాచ్‌లు పుష్కలంగా ఇచ్చింది, అదీ కింది లీగ్ అయిన ఏహెచ్ఎల్‌లో. 2021–22లో స్టాక్టన్ జట్టుకి 47 మ్యాచ్‌లు, 33 విజయాలు. మరుసటేడు ఆ జట్టునే కాల్గరీకి తరలించి రాంగ్లర్స్ అని పేరు పెట్టారు. అక్కడ 55 మ్యాచ్‌లు, 42 విజయాలు, ఆపిన షాట్ల నిష్పత్తి 0.932. రెండేళ్ళూ లీగ్ ఉత్తమ గోలీ అవార్డు అతనిదే. రెండో ఏడు మొత్తం లీగ్‌లో ఉత్తమ ఆటగాడూ అతనే.

జట్టుని కాల్గరీకి తేవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు మాత్రం అది పెద్ద విషయం. రాంగ్లర్స్, ఫ్లేమ్స్ రెండూ శాడిల్‌డోమ్ స్టేడియంలోనే ఆడతాయి. పెద్ద జట్టులో గోలీ కావాల్సినవాడు రెండేళ్ళ పాటు అదే ఐస్ మీద, అదే గోల్ ముందు నిలబడ్డాడు.

ఇంకో మార్పు కోచ్ విషయంలో జరిగింది. 2022–23లో ఫ్లేమ్స్ 93 పాయింట్లతో ప్లేఆఫ్‌లకి కాస్తలో దూరమైంది. అనుభవజ్ఞుల మీదే ఎక్కువ ఆధారపడే డారిల్ సట్టర్‌ని తీసేశారు. క్రెగ్ కాన్‌రాయ్ జనరల్ మేనేజర్ అయ్యాడు, రయన్ హస్కా కోచ్ అయ్యాడు. హస్కా అంతకు ముందు ఏళ్ళ తరబడి ఇదే సంస్థ కింది జట్టుకి కోచ్. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒక తప్పు చేస్తే దాని వెనక ఏముందో అతనికి తెలుసు. పిల్లల్ని పెంచినవాడి చేతికే పెద్ద జట్టు అప్పగించారు.

ఆపైన ఒక్కొక్క పెద్ద ఆటగాడూ వెళ్ళాడు: టాఫోలి, జడోరోవ్, లిండ్‌హోమ్, టానెవ్, హానిఫిన్. ఈ మార్పు 2023 వేసవి నుంచి 2024 మార్చి దాకా నడిచింది. ఖాళీ అయిన చోట్లలో కానర్ జారీ, మార్టిన్ పోస్పిషిల్ లాంటి కుర్రాళ్ళు నిలబడ్డారు.

మార్క్‌స్ట్రోమ్ ట్రేడ్ మాత్రం సాఫీగా జరగలేదు. 2024 మార్చి గడువుకి ముందే న్యూజెర్సీతో మాటలు నడిచి ఆగిపోయాయి. అదంతా సాగిన తీరు తనకి నచ్చలేదని మార్క్‌స్ట్రోమ్ బాహాటంగానే చెప్పాడు. జట్టుకి 2022లో అంత చేసిన మనిషి, ఆ ఏడు ఉత్తమ గోలీ అవార్డుకి రెండో స్థానంలో నిలిచినవాడు. అతనికి ఆ బాధ కలిగించడం కాల్గరీ చేసిన పొరపాటు, దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. పెద్దవాణ్ణి ఎలా సాగనంపుతారో కుర్రవాడు చూస్తూనే ఉంటాడు. రేపు తన వంతు వచ్చినప్పుడు తననీ ఇలాగే చూస్తారని లెక్క వేసుకుంటాడు.

చివరికి జూన్ 19న ట్రేడ్ అయ్యింది. కాల్గరీ అతని 60 లక్షల డాలర్ల జీతంలో 31.25 శాతం తనే భరించడానికి ఒప్పుకుంది. బదులుగా 2025 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు, ఇంకా కెవిన్ బాల్ అనే ఇరవై మూడేళ్ళ డిఫెన్స్ ఆటగాడు వచ్చారు.

అంకెలు వద్దన్నాయి

ఆ రోజు నేను కూడా కంగారు పడ్డాను. కారణం చెబుతాను. 2023–24లో వుల్ఫ్ పెద్ద జట్టుకి 17 మ్యాచ్‌లు ఆడాడు. ఏడు గెలిచాడు. ఆపిన షాట్ల నిష్పత్తి 0.893. ఇది మొదటి గోలీ అంకె కాదు, రెండో గోలీకి కూడా తక్కువే. అదే సీజన్‌లో మార్క్‌స్ట్రోమ్‌ది 0.905. ఇంకో గోలీ డాన్ వ్లాదార్‌కి ఆ మార్చిలోనే తుంటి ఆపరేషన్ అయ్యింది, పైగా అతనెప్పుడూ మొదటి గోలీగా ఆడినవాడు కాదు. ఎవరైనా మామూలు మేనేజర్ ఆ వేసవిలో ముప్పై అయిదేళ్ళ గోలీ ఒకణ్ణి ఏడాదికి తెచ్చిపెట్టుకునేవాడు. నేనైతే కచ్చితంగా తెచ్చేవాణ్ణి.

కాన్‌రాయ్ తేలేదు. వుల్ఫ్, వ్లాదార్ ఇద్దరితోనే సీజన్ మొదలుపెట్టాడు.

దీన్ని ధైర్యం అని ఊరుకోవడం నాకిష్టం లేదు. 17 మ్యాచ్‌లు చిన్న నమూనా. అందులో చాలావరకు పిలిచి, ఆడించి, మళ్ళీ కింది జట్టుకి పంపిన రోజులు. విమానం దిగి వచ్చినవాడిలా ఆడతాడు గోలీ అలాంటప్పుడు. దాని పక్కన ఏహెచ్ఎల్‌లో రెండే సీజన్లలో నూటికి పైగా మ్యాచ్‌లు, వరసగా రెండు అవార్డులు ఉన్నాయి. ఏ అంకెని నమ్మాలన్నది తేల్చుకున్నాకే ఆ నిర్ణయం తీసుకున్నారు. పెద్ద నమూనానే నమ్మారు. నాలాంటి చిన్న కోచ్‌లు నిన్నటి రాత్రి మ్యాచ్‌ని నమ్ముతారు, ఎందుకంటే అది కళ్ళముందు ఉంటుంది.

82 మ్యాచ్‌లు

సీజన్ మొదటి మ్యాచ్ వాంకూవర్‌లో. 4–1తో వెనకబడి, ఓవర్‌టైమ్‌లో 6–5తో గెలిచారు. గెలుపు గోల్ కానర్ జారీది. మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. మొదటి నెలల్లో వుల్ఫ్, వ్లాదార్ ఇద్దరికీ దాదాపు సమానంగా మ్యాచ్‌లు పంచారు. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. నువ్వే మొదటి గోలీవని కుర్రాడికి పట్టం కట్టి పల్లకీ ఎక్కించలేదు, అలాగని మీద పెద్దవాణ్ణీ పెట్టలేదు. ఇద్దరూ దాదాపు ఒక తరం వాళ్ళే. ఒకరి మ్యాచ్ ఒకరు చూస్తూ ఆడారు. క్రమంగా వుల్ఫ్ వైపు తూకం మొగ్గింది. సీజన్ ముగిసేసరికి వుల్ఫ్ ఖాతాలో 53 ఫలితాలు, వ్లాదార్ ఖాతాలో 29.

వుల్ఫ్: 29 విజయాలు, 16 ఓటములు, 8 ఓవర్‌టైమ్ ఓటములు. ఆపిన షాట్ల నిష్పత్తి 0.910. అంతకు ముందు ఏడు మార్క్‌స్ట్రోమ్ ఇచ్చిన దానికంటే ఎక్కువ. ఈ మాట పక్కన ఇంకోటి పెట్టి చదవాలి: ఫ్లేమ్స్ ఆ ఏడు గోల్స్ కొట్టడంలో లీగ్‌లో అట్టడుగు జట్ల సరసన ఉంది. నాజెమ్ కాడ్రి 35 గోల్స్‌తో తన కెరీర్‌లోనే గొప్ప సీజన్ ఆడినా, జట్టు మొత్తం మీద గోల్స్ కరువే. అంటే ప్రతి రాత్రీ గోలీకి తప్పు చేసే వెసులుబాటు లేదు. రెండు గోల్స్ పడితే మ్యాచ్ చేజారినట్టే. ఆ ఒత్తిడిలో 0.910 అంటే నేను నిలబడి చప్పట్లు కొడతాను.

అతనికి సాయం ఎవరు? ఇక్కడే ట్రేడ్ తెలివి కనిపిస్తుంది. మార్క్‌స్ట్రోమ్ బదులు వచ్చిన కెవిన్ బాల్ వుల్ఫ్ ముందు రాస్మస్ ఆండర్సన్‌తో కలిసి కష్టమైన నిమిషాలు ఆడాడు. పొడుగాటి మనిషి, పొడుగాటి కర్ర, పాస్ వెళ్ళే దారిలో ఎప్పుడూ అడ్డుగా. పెద్ద గోలీని ఇచ్చి, చిన్న గోలీకి కాపలా తెచ్చుకున్నారు. వీగర్, బాక్లండ్, కోల్‌మన్ లాంటి పెద్దవాళ్ళని అలాగే ఉంచారు. కుర్రాళ్ళని నమ్మడం అంటే జట్టు మొత్తాన్ని కుర్రాళ్ళతో నింపేయడం అని కాల్గరీ అనుకోలేదు. గోల్ ముందు కుర్రవాడు నిలబడితే, అతని ముందు ముప్పై దాటిన భుజాలు నిలబడ్డాయి.

ముందు వరసలో మాట్ కొరోనాటో కథ కూడా ఇలాంటిదే. అక్టోబర్‌లో కొన్ని రోజులు కింది జట్టుకి పంపారు. వెనక్కి పిలిచాక ఇక తీయలేదు. 24 గోల్స్ కొట్టాడు. జారీకి జనవరిలో మోకాలు దెబ్బతినకపోతే ఇంకాస్త బాగుండేది.

మార్చిలో సెయింట్ లూయిస్ బ్లూస్ వరసగా 12 మ్యాచ్‌లు గెలవడం మొదలుపెట్టింది. చివరి ప్లేఆఫ్ చోటు కోసం కాల్గరీ వాళ్ళ వెంటపడింది. ఏప్రిల్ 15 రాత్రి మా ఇంట్లో రెండు తెరలు. ఒక దాంట్లో కాల్గరీ, వెగాస్. ఇంకో దాంట్లో సెయింట్ లూయిస్, యూటా. బ్లూస్ 6–1తో గెలిచింది. కాల్గరీ వెగాస్‌ని షూటౌట్‌లో 5–4తో ఓడించింది, కానీ అది ఉపయోగపడని గెలుపు. రెండు రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్‌లో 5–1తో గెలిచి 96 పాయింట్లకి చేరారు. బ్లూస్‌వీ 96 పాయింట్లే. అరవై నిమిషాల్లో తేలిన విజయాలు లెక్కపెట్టారు: వాళ్ళవి 32, మనవి 31. ఆ ఒక్కటి తక్కువై ప్లేఆఫ్‌లు పోయాయి. లీగ్ చరిత్రలో ప్లేఆఫ్‌లకి వెళ్ళలేకపోయిన జట్లలో ఇంతకంటే ఎక్కువ పాయింట్లు ఎవరికీ లేవు; వేరే ఏళ్ళలో మరికొన్ని జట్లు ఇదే అంకె దగ్గర ఆగాయి.

లాస్ ఏంజెలెస్‌లో ఆ చివరి మ్యాచ్‌లో పంతొమ్మిదేళ్ళ జేన్ పారేఖ్ మొదటిసారి ఆడి గోల్ కొట్టాడు. ప్లేఆఫ్ ఆశ పోయాక, సీజన్ చివరి రోజున కూడా ఒక కొత్త కుర్రాణ్ణి దింపారు, అది నాకు గుర్తుండిపోయింది.

నా లెక్క

ఫలితాన్ని బట్టి చూస్తే ఈ కేసుని ఓటమి అనొచ్చు. ప్లేఆఫ్ లేదు. కింది స్థానం రాలేదు కాబట్టి డ్రాఫ్ట్‌లో ముందుగా ఎంచుకునే హక్కూ రాదు, పైగా తమ సొంత హక్కు పాత ట్రేడ్‌లో ఎప్పుడో పోయింది. న్యూజెర్సీ నుంచి వచ్చిన హక్కుతో 18వ స్థానంలో కోల్ రెష్నీ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. న్యూజెర్సీ ప్లేఆఫ్‌లకి వెళ్ళింది, మొదటి రౌండ్‌లోనే కారొలైనా చేతిలో అయిదు మ్యాచ్‌ల్లో పోయింది.

వుల్ఫ్ ఆ ఏడు ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డుకి రెండో స్థానంలో నిలిచాడు. మాంట్రియల్ జట్టు కుర్రాడు లేన్ హట్సన్ గెలిచాడు, డ్రాఫ్ట్‌లో మొదటివాడైన మాక్లిన్ సెలెబ్రిని మూడో స్థానం. 2025 సెప్టెంబర్‌లో కాల్గరీ వుల్ఫ్‌తో ఏడేళ్ళకి 5.25 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. ఒకే ఒక్క పూర్తి సీజన్ చూసి ఇంత రాయడం తొందరపాటు అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలం ఉంది. గోలీల ఫామ్ ఏడాదికేడాదికీ ఊగుతుంది. అతనికీ చెడ్డ ఏడాది వస్తుంది. నేను మాత్రం ఆ ఒప్పందాన్ని జూన్ 2024 నిర్ణయానికి కొనసాగింపుగానే చూస్తాను. గొడుగు తీసేశాక మళ్ళీ తెచ్చి పెట్టబోమని రాతపూర్వకంగా చెప్పినట్టు.

నేను ఒప్పుకోని విషయం ఒకటుంది. గొడుగు లేకుండా నిలబెట్టడం అందరికీ పనికొస్తుందని చెప్పడం. రెండు సీజన్లు కింది లీగ్‌ని ఏలినవాడికి అది పనికొచ్చింది. తయారుకాని పిల్లాడికి అదే పని చేస్తే అది నమ్మకం కాదు, వదిలేయడం. మన చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన రజని గారు భారత మహిళల హాకీ జట్టులో ఏళ్ళ తరబడి సవిత వెనక రెండో గోల్‌కీపర్‌గా ఉన్నారు, టోక్యో ఒలింపిక్స్‌కి రిజర్వుగా వెళ్ళారు. ఆవిడ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గోల్‌కీపర్ ఎదురుచూపు ఎంత కష్టమో గుర్తొస్తుంది. పెద్ద గోల్‌కీపర్ గట్టిగా ఉన్నంతకాలం రెండోవాళ్ళకి చేయగలిగింది ఒక్కటే, సిద్ధంగా ఉండటం. పెద్దవాళ్ళు వెళ్ళిన రోజున కూడా ఆ సిద్ధపడినవాళ్ళని కాదని బయటి నుంచి ఇంకొకరిని తెస్తే, అన్నాళ్ళ ఎదురుచూపుకి అర్థం ఏముంటుంది?

నేను సరిగ్గా అదే చేశాను. మా జట్టులో మొదటి గోలీ వయసు దాటి పై జట్టుకి వెళ్ళాక, ఏడాదిగా వెనక కూర్చున్న పిల్లాడి చేతికి గోల్ ఇచ్చాను. రెండు వారాల్లో భయపడి ఇంకో జట్టులో చోటు దొరకని పెద్ద కుర్రాణ్ణి తెచ్చి బెంచి మీద కూర్చోబెట్టాను. "నీకు సాయంగా ఉంటాడు" అని చెప్పాను కూడా. ఆ రోజు నుంచే వాడి తల బెంచి వైపు తిరగడం మొదలైంది. షాట్ వస్తుంటే సగం మనసు పక్ మీద, సగం నా మీద. ఒక క్షణం ఎక్కువ నిలబడాల్సిన చోట భయంతో ముందే మోకాళ్ళ మీద పడిపోయేవాడు. పైన సందు తెరుచుకునేది.

తెలుగు కుటుంబమే వాళ్ళది. మూడోసారి తీసేసిన రాత్రి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు.

"ఏమండీ, వాడు అన్నం తినకుండా పడుకున్నాడండీ. ఆడటం మానేస్తానంటున్నాడు."

"పడుకోనివ్వండమ్మా."

"శనివారం మ్యాచ్‌కి పంపమంటారా, వద్దా?"

అప్పుడు నేను తడుముకున్నాను. చూద్దామన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమ్మ అడిగింది చాలా చిన్న ప్రశ్న, దానికి అవుననో కాదనో జవాబు చెప్పాల్సింది. చెడ్డ మ్యాచ్ తర్వాత వచ్చే మ్యాచ్‌కి ఎవరిని దింపుతామో చెప్పలేని కోచ్ దగ్గర పిల్లాడికి నమ్మకం ఎలా కుదురుతుంది?

తర్వాతి సీజన్‌కి రెండో గోలీగా వాడికంటే చిన్నవాణ్ణి, మా దగ్గరే మొదట్నుంచీ నేర్చుకున్నవాణ్ణి తీసుకున్నాను. సెప్టెంబర్‌లోనే మొదటి ఎనిమిది మ్యాచ్‌లకి ఏ రోజు ఎవరు గోల్ కాస్తారో ఒక కాగితం మీద రాసి డ్రెస్సింగ్ రూమ్ తలుపు లోపలి వైపు అతికించాను. ఫలితం ఏమైనా ఆ కాగితం మారదని తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పాను. డిఫెన్స్‌లో మాత్రం ఇద్దరు పెద్ద పిల్లల్ని వాళ్ళ ముందు పెట్టాను. గోల్ కాసే పిల్లాడితో మాట్లాడుతూ ఉండటం మీ పని అని వాళ్ళకి చెప్పాను.

మూడో మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లోనే వాడికి మూడు గోల్స్ పడ్డాయి. పక్కన ఉన్న ఇంకో కోచ్ నా వైపు చూశాడు. నేను కదల్లేదు. వాడు గోల్ పై కడ్డీ మీద పెట్టుకున్న నీళ్ళ సీసా తీసుకున్నాడు, మాస్క్ పైకి నెట్టి రెండు గుక్కలు తాగాడు, సీసా తిరిగి అక్కడే పెట్టాడు. మాస్క్ దించి, రెండు కాళ్ళ ప్యాడ్‌ల మీద కర్రతో ఒక్కొక్కసారి కొట్టుకుని, మధ్యలో పక్ వేయబోతున్న రిఫరీ వైపు తిరిగాడు.